దీపం పెట్టని ఉపవాసాలు

మూడో అంతస్తు మామ్మగారికి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? ఎదురింటి మాస్టారికి కంటి ఆపరేషన్ అయ్యాక చూపు కుదురుకుందా? కింద వాచ్‌మన్ భార్యకి నెలలు నిండినట్టున్నాయి, రక్తం పరీక్ష చేయించుకుందా? మన మహిళా మండలి కార్యదర్శిగారికి బీపీ మాత్రలు మార్చారని విన్నాను, కళ్ళు తిరగడం లేదు కదా? మన అపార్ట్‌మెంట్ పత్రిక చదివే మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. లేరంటే నాకు కుదురుండదని మీకు తెలుసు. గ్యాస్ కట్టేశానో లేదో అని రైతుబజారు సగం దూరం వెళ్ళి వెనక్కి వచ్చే మనిషిని నేను.

ఇలా అందరి ఒళ్ళూ బాగుందా అని అడిగే నేను ఒక్క మనిషిని మాత్రం అడగలేదు. మొన్న మంగళవారం సాయంత్రం ఆవిడ పోయారు. గుండె ఆగిపోయిందట. మా వియ్యపురాలు, అంటే మా అమ్మాయికి ఒకప్పటి అత్తగారు. అమ్మాయీ అల్లుడూ విడిపోయి ఆరేళ్ళయింది కాబట్టి ఇప్పుడావిడ మీకేమవుతారండీ అని ఎవరైనా అడగవచ్చు. వాళ్ళిద్దరూ వేరయ్యారని కోర్టు కాగితంలో ఉంది. మేమిద్దరం వేరయ్యామని అందులో ఎక్కడా లేదు.

ఇంటి సంగతులు పత్రికకెక్కిస్తావా అని మా అమ్మాయి అంది. మనవరాలిని ఫోన్‌లో అడిగాను. "రాయి అమ్మమ్మా, నా పేరు మాత్రం వద్దు" అంది. అందుకని ఎవరి పేర్లూ రాయడం లేదు. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే దిద్దుకోండి. కానీ ఇది రాయకపోతే మీ అందరికీ చెప్పిన ఒక అబద్ధం అబద్ధంగానే ఉండిపోతుంది.

వదినగారిది, అంటే ఆ వియ్యపురాలిది, మెదక్ వైపు. ఆడపిల్లల సంక్షేమ హాస్టల్లో ముప్పై ఏళ్ళు వంట చేశారు. పెళ్ళిలో మొదటిసారి నన్ను "ఏం వదినె, మంచిగున్నవా?" అని పలకరిస్తే నాకు చివుక్కుమంది. మా వైపు వియ్యపురాలిని గారు లేకుండా పిలవరు. పైగా భోజనాల దగ్గర ఆవిడ పంక్తుల మధ్య అటూ ఇటూ తిరుగుతూ అందరి విస్తళ్ళూ చూస్తున్నారు. ఎంగిలి ఆకుల వంక అలా చూడటమేమిటని నేను మా ఆడపడుచు చెవిలో గొణిగాను. ఆవిడ మాత్రం నేరుగా వెళ్ళి ఒక చిన్నపిల్ల ముందు కూర్చుని, "కారమైందా బిడ్డా? పెరుగు పోయించనా?" అన్నారు. అంత మందిలో తినకుండా కలుపుతూ కూర్చున్నది ఆ పిల్ల ఒక్కతే. అది నాకు అప్పుడు కనిపించలేదు.

విడాకులయ్యాక పిల్ల తల్లి దగ్గర, అంటే మన కూకట్‌పల్లి ఇంట్లో నా దగ్గర ఉండేట్టు, నెలకు రెండు శనివారాలు తెల్లాపూర్‌లో తండ్రి ఇంటికి వెళ్ళేట్టు కోర్టు చెప్పింది. మా అమ్మాయిది హైటెక్ సిటీలో అమెరికా వేళల ఉద్యోగం. సాయంత్రం క్యాబ్ ఎక్కితే తెల్లారి దిగుతుంది. పిల్లకి అన్నం పెట్టేదీ జడ వేసేదీ నేనే.

పదో తరగతిలోకి రాగానే పిల్ల శనివారం ఉపవాసం అంది. పొంగిపోయాను. తర్వాత సోమవారం శివుడికంది. ఆ తర్వాత గురువారం బాబాకంది. ఈ కాలంలో ఇంత భక్తి ఎవరికుందని మీలో ఎంతమందికి చెప్పుకున్నానో! మెట్ల మీద ఆపి మరీ చెప్పాను. మీరూ మెచ్చుకున్నారు. ఉపవాసం నాడు ఉప్పుడుపిండి చేసి పెడితే "రాత్రికి తింటాలే అమ్మమ్మా" అనేది. గిన్నె పొద్దున్నకి కడిగేసి ఉండేది. తిన్నదనుకున్నాను.

ఒక శనివారం వదినగారు తనే పిల్లని తీసుకువచ్చి దింపారు. పిల్ల గదిలోకి వెళ్ళాక నా వంటింటి గుమ్మంలో నిలబడి అడిగారు.

"వదినె, పిల్ల ఉపాసముంటది కదా. దేవుని అర్రలకు పోతదా?"

"పోకేం?"

"దీపం ముట్టిస్తదా? నువ్వు చూసినవా?"

నిజానికి ఒక్కనాడూ చూడలేదు. చూడలేదని చెప్పడానికి నోరు రాక, "మా ఇంటి పిల్లకి భక్తి ఉంటే మీకెందుకండీ అంత కష్టం?" అన్నాను.

ఆవిడ కోపగించుకోలేదు. "దండం పెట్టనిది ఉపాసం కాదు వదినె. అది బువ్వ మీద కోపం. లేకుంటే బతుకు మీద. హాస్టల్ల గిట్లాంటి పిల్లలను చూసిన. జర దవాఖానకు తీస్కపో."

"మీ హాస్టలు పిల్లలూ మా పిల్లా ఒకటేనా?" అన్నాను. ఆ మాట అన్న నోరు నాదే.

వెళ్తూ చెప్పులు వేసుకుంటూ ఒక మాటన్నారు. "ఫికర్ చేసుడు వేరు, కనిపెట్టుడు వేరు వదినె. నువ్వు ఫికర్ మస్తు చేస్తవు."

రెండు నెలలకి పిల్ల బడిలో ప్రార్థన వేళ కుప్పకూలింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ మా అమ్మాయినీ నన్నూ కూర్చోబెట్టి, ఇది కడుపు జబ్బు కాదు, మనసు జబ్బు, పిల్లకి బతకాలని లేదు, తిండి మానడం అందుకే అంది. వినగానే నాకొచ్చిన మొదటి ఆలోచన, బయట తెలిస్తే పిల్లకి పిచ్చి అంటారని. మీ అందరికీ కామెర్లని చెప్పాను. రెండో అంతస్తు చెల్లెమ్మ పాపం బాలానగర్ దాకా వెళ్ళి ఆకు పసరు తెచ్చిచ్చింది. అది తీసుకుని సింకులో పోశాను. తల్లీ, నన్ను మన్నించు.

ఆ నెలలోనే అల్లుడు పిల్లని తన దగ్గరకు మార్చమని ఫ్యామిలీ కోర్టులో అడిగాడు. ఆయనది ఇంటి నుంచి చేసే ఉద్యోగం, ఇంట్లో వాళ్ళమ్మ ఉంది. మా అమ్మాయి నా ఒళ్ళో తలపెట్టి, "అది కూడా వెళ్ళిపోతే నాకేం మిగుల్తుందమ్మా?" అని ఏడ్చింది. జడ్జిగారు పిల్లని లోపలికి పిలిచి ఎక్కడ ఉంటావమ్మా అని అడిగితే "ఎక్కడైనా పర్లేదు సార్" అందట. పదిహేనేళ్ళ పిల్ల అనే మాటేనా అది?

మా లాయరుగారు నాకు గట్టిగా చెప్పారు. "మామ్మగారూ, ఉపవాసాల మాట ఎత్తకండి. పరీక్షల ఒత్తిడి, నెల రోజుల నుంచే అనండి చాలు."

కోర్టు కౌన్సెలర్ మేడమ్ వదినగారినీ నన్నూ ఒకే గదిలో కూర్చోబెట్టి, పిల్ల ఎప్పటి నుంచి తినడం లేదని అడిగింది. "నిన్నమొన్నటి దాకా బాగానే తినేదండీ, నెల రోజుల నుంచే ఇలా" అన్నాను. మేడమ్ ఆవిడ వంక తిరిగి, మీరేమంటారని అడిగింది. అన్నీ తెలిసిన మనిషి. ఒక్క మాటంటే నేనక్కడ అబద్ధాలకోరునని తేలిపోయేది. ఆవిడ అనలేదు.

"పిల్ల ఉండేది ఆమె ఇంట్ల. ఆమెకే ఎరుక. ఇంకోపారి అడుగుండ్రి మేడమ్" అన్నారు.

నాకు దారి ఇచ్చారు. మేడమ్ మళ్ళీ అడిగింది. నేను మళ్ళీ అదే చెప్పాను. వాయిదా పడింది. ఆ వాయిదా లోపల పిల్లని ఇంకోసారి ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించారు. అది నా నోటి మాట వల్ల పడ్డ సూది.

ఇంటికి తెచ్చిన మూడో రోజున వదినగారు వచ్చారు. మన లిఫ్టు పాడై ఉన్న వారం అది, గుర్తుందా? నాలుగు అంతస్తులు ఎక్కి వచ్చి, గుమ్మంలోనే కూలబడి, చాలాసేపు గుండెల మీద చెయ్యి వేసుకుని ఊపిరి తీసుకున్నారు. నేను మంచినీళ్ళిచ్చాను. పక్కింటివాళ్ళు చూస్తున్నారేమో అని తలుపు దగ్గరగా వేశాను. ఏమైంది వదినా అని మాత్రం అడగలేదు.

"నీ బిడ్డ మీద గెలిచి నేనేం జేసుకుంట వదినె?" అన్నారు. "కేసు ఎవలు గెలిస్తేంది? పొద్దుమాపు దాని పక్కకు కూసునే మనిషి గావాలె. తిను అనొద్దు. ప్లేటు దిక్కు చూడొద్దు. ఊకె కూసోవాలె, అది తినేదాంక. నీ బిడ్డకు డ్యూటీ. నువ్వు కూసుంటవా? కూసుంటనంటే చెప్పు, కేసు వాపస్ తీస్కోమని నా కొడుకుకు నేనే చెప్త. పిల్ల నీ తాననే ఉంటది."

కూర్చుంటానని అనవలసింది. ఏ అమ్మమ్మయినా అనేది. కానీ ఆవిడ కళ్ళలోకి చూస్తే అబద్ధం రాలేదు.

"నావల్ల కాదు వదినా. దాని కంచం ముందు కూర్చుంటే నాకు ఏడుపొస్తుంది. నేనేడిస్తే అది చెయ్యి కడిగేసుకుంటుంది. రోజూ అదే జరుగుతోంది."

ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేశారు. "గదే చెప్పు మేడమ్‌కు. ఇంకేం చెప్పకు."

చెప్పాను. శనివారం, సోమవారం, గురువారం, ఉప్పుడుపిండి, కడిగిన గిన్నె, అన్నీ చెప్పాను. పిల్ల తెల్లాపూర్ వెళ్ళింది. మా అమ్మాయి ఒకే ఇంట్లో ఉంటూ రెండు నెలలు నాతో మాట్లాడలేదు. తప్పు ఆమెది కాదు. నేను ముందే చెప్పి ఉంటే కోర్టు దాకా వెళ్ళవలసిన పనే లేదు, తల్లీ తండ్రీ కలిసి కూర్చుని ఏదో ఒకటి చూసుకునేవాళ్ళు.

తర్వాత నేను తెల్లాపూర్ వెళ్ళింది ఒక్కసారే. భోజనాల బల్ల దగ్గర పిల్ల ముందు సగం జొన్నరొట్టె. పక్కన వదినగారు. హాస్టల్ కథ చెబుతున్నారు. పిల్లలు ఉప్మా నచ్చక కిటికీలోంచి ఒక మేకకి వేసేవాళ్ళట. "వార్డెన్ మేడమ్ అడుగుతది, ఎవలదే గీ మేక, మన హాస్టల్ పిల్లలకన్న మంచిగ బలిసింది? నేనన్న, ఇది కూడా మన హాస్టల్దే మేడమ్, హాజరు పట్టీల పేరొక్కటి లేదు!" పిల్ల నవ్వింది. నవ్వుతూ ఒక ముక్క తుంచుకుంది. ఆ సగం రొట్టెకి ముప్పావు గంట పట్టింది. ఒకనాడు పెళ్ళిపంక్తిలో అందరి ఆకులూ చూసిన మనిషి, ఆ ముప్పావు గంటా మనవరాలి కంచం వంక చూడలేదు. ఆవిడకి షుగరు. వేళకి తినాలి. అయినా పిల్ల మొదటి ముద్ద పెట్టుకునేదాకా తనూ ముట్టేవారు కాదని తర్వాత తెలిసింది. ఆవేళ ఆవిడ పాదాలు వాచి ఉన్నాయి, నా కంటబడ్డాయి కూడా. నేను పిల్ల బుగ్గలు నిండాయా లేదా అనే చూసుకుని వచ్చేశాను.

నేను బయలుదేరుతుంటే లిఫ్టు దాకా వచ్చి, "మాపటిజాము అది తిన్నంక నీకొక్క రింగు ఇస్త. ఎత్తకు. తిన్నదని సమజ్ చేస్కో" అన్నారు. అలా తొమ్మిది నెలలు రోజూ ఒక్క రింగు వచ్చేది. నాకు ఆ పూటకి నిద్ర ఇచ్చేది అదే. ఎత్తి రెండు మాటలు మాట్లాడవచ్చు కదా? ఎత్తవద్దన్నారని ఎత్తలేదు. నిజం చెప్పాలంటే ముఖం చెల్లక ఎత్తలేదు.

మంగళవారం రింగు రాలేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, పిల్ల తినలేదు కాబోలు, మళ్ళీ మొదలైంది కాబోలు అని నూటొక్క రకాలుగా భయపడ్డాను. ఆవిడకేమైనా అయిందేమో అన్నది ఆ నూటొక్కటిలో లేదు.

శవం దగ్గరకు వెళ్ళాను గానీ, బంధువుల మధ్య నా చోటేదో తెలియక గోడవారన నిలబడ్డాను. అల్లుడే వచ్చి, "అత్తమ్మా, ముందుకు రాండ్రి. మీరు ఆమె కాళ్ళకు పసుపు పెట్టాలె" అన్నాడు. ఆరేళ్ళ తర్వాత అత్తమ్మా అన్నాడు. వాచిన పాదాలకు పసుపు పెట్టాను. పెడుతూ అడిగాను, ఒంట్లో ఎలా ఉంది వదినా అని. నా పక్కనున్నవాళ్ళు నాకు మతి పోయిందనుకుని ఉంటారు.

నిన్న సాయంత్రం మనవరాలు ఫోన్ చేసింది. తిన్నావా అని నోటి చివరిదాకా వచ్చింది. మింగేశాను. తనే అంది.

"అమ్మమ్మా, నాన్న కూర్చుంటున్నాడు. కానీ ఫోన్ చూసుకుంటాడు, లేకపోతే నా కంచం చూస్తాడు. పెద్దకర్మ అయిపోయాక నువ్వొస్తావా?"

"నేను వస్తే ఏడుస్తానే. నా సంగతి నీకు తెలుసుగా."

"ఏడువు. నానమ్మ పోయింది, నాకూ ఏడుపొస్తోంది. ఏడుస్తూనే తిందాం."

వంటింట్లోంచి మా అమ్మాయి విన్నట్టుంది. వచ్చి ఫోను అందుకుని, "నేనూ వస్తాను, మీ నాన్నకి చెప్పు" అంది. ఎన్ని గంటలకని అటు నుంచి అడిగింది పిల్ల.

పెద్దకర్మ అయిన మర్నాడు, ఆదివారం, మధ్యాహ్నం పన్నెండున్నరకి.