వరుస పిన్ని దిద్దనివ్వని క్రియాపదం

మా అమ్మకు ఆమె వరుసకు చెల్లెలు, కాబట్టి నాకు పిన్ని. ఆఫీసులో ఎవరితోనూ ఏ చుట్టరికమూ లేకపోయినా అక్కడివారు కూడా ఆమెను వరుస పిన్ని అనే పిలుస్తారు. అక్కడి వరుస వేరు. ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు రావాలన్న వరుస. లిఫ్టు దగ్గర ఎవరైనా పక్కనుంచి దూరితే, "బాబూ, నేను కనబడనంత సన్నగా ఏమీ లేను కదా" అని మెల్లగా అంటుంది. దూరినవాడు వెనక్కి వెళ్లి నిలబడతాడు.

పంతొమ్మిదో ఏట ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేరింది. చెవులకు హెడ్‌సెట్, ఎదురుగా రంధ్రాల బోర్డు, మోచేతి పక్కన కాల్ టికెట్ల కట్ట. మొదటి వారమంతా ఆమె నంబరూ వేళా టికెట్టు మీద పొందికగా రాసుకుని, ఆ తర్వాతే తీగ గుచ్చేది. ఈలోగా అవతలి మనిషి విసిగి ఫోను పెట్టేసేవాడు. అది చూసిన సూపర్‌వైజరమ్మ ఆమె చేతిలోని పెన్సిలు లాక్కుంది.

"ముందు కలుపు, తర్వాత రాయి. లైన్లో ఉన్నది మనిషి. కాగితం ఎక్కడికీ పారిపోదు."

కొన్నేళ్లకు ఆ బోర్డులు తీసేశారు. పిన్ని కేబుళ్లు పరీక్షించడం నేర్చింది, ఆ తర్వాత రౌటర్లు, నలభై దాటాక ప్రోగ్రాములు రాయడం. డిప్లొమా పరీక్షకు వెళ్లిన రోజున ఇన్విజిలేటరు ఆమెను ఎవరో విద్యార్థి తల్లి అనుకుని బయట బెంచీ మీద కూర్చోమన్నాడట. "కూర్చుంటానండీ, లోపల" అని హాల్ టికెట్ చూపించిందట.

ఇప్పుడు ఆమెకు యాభై నాలుగు. ఒక పెద్ద కంప్యూటరును లోలోపల పాతిక చిన్న కంప్యూటర్లుగా విభజించి అద్దెకిచ్చే సంస్థలో, ఆ చిన్న కంప్యూటర్ల మధ్య మాటలు చేరవేసే స్విచ్‌ను చూసుకునే విభాగం ఆమెది. ఆ స్విచ్ చేతికి తగిలే పెట్టె కాదు, అదీ ఒక ప్రోగ్రామే. విభాగంలో ఉన్నది ముగ్గురు: పిన్ని, అద్దాల ఇంజనీరు అని పిలిచే ఒక యువతి, మేనేజరు. మేనేజరు ఆమెకంటే పదిహేనేళ్లు చిన్న. అమ్మా అనడానికి మొహమాటం, పేరు పెట్టి పిలవడానికి భయం. అందుకని "మేడమ్‌గారూ" అంటాడు.

వీరి ఖాతాదారుల్లో కోర్టులకు దుభాషీలను ఫోను ద్వారా అందించే సేవ ఒకటి ఉంది. సాక్షి ఒక ఊళ్లో మాట్లాడితే, దుభాషి మరో ఊళ్లో విని కోర్టు భాషలో చెబుతారు. మాట్లాడేందుకు మీట నొక్కిన ప్రతిసారీ స్విచ్‌లో కొత్త దారి తెరుచుకుంటుంది. కొన్నిసార్లు ఆ మొదటి క్షణంలోని మాట తినేసినట్టు వినబడేది. ఇల్లు ఖాళీ చేయించిన కేసులో ఒక అద్దెదారు "ఇరవై మూడో తేదీ దాకా ఆ ఇంట్లోనే ఉన్నాను" అంది. దుభాషికి "మూడో తేదీ దాకా" అని వినబడింది, రికార్డులో అలాగే ఎక్కింది. ఆమె సామాను వీధిలో పడేసింది ఆ ఇరవై మూడునే. ఒక్క ఇరవై జారిపోవడంతో, అప్పటికామె ఆ ఇంట్లో లేనేలేదని ఇంటి యజమాని వాదించుకునే వీలు దొరికింది. న్యాయశాస్త్రం చదువుకున్నదాన్ని కనుక చెబుతున్నాను: రికార్డులోకి ఎక్కిన మాటను దింపడం, ఎక్కించినంత తేలిక కాదు.

దుభాషీల సేవ నెల రోజుల గడువిచ్చింది. ఈలోగా సరిచేయకపోతే వేరే సంస్థకు మారిపోతుంది. మారితే ఈ ముగ్గురి విభాగాన్ని మూసేస్తామని పైవాళ్లు మేనేజరుకు చెప్పేశారు.

పిన్ని పదకొండు రోజులు ప్యాకెట్లు లెక్కపెట్టింది. మన మాట ముక్కలై ప్రయాణిస్తుంది, ఆ ముక్కలే ప్యాకెట్లు. పంపేటప్పుడు ఒకటి, రెండు, మూడు, నాలుగు. చేరేటప్పుడు నాలుగు, ఒకటి, రెండు, మూడు. ఆలస్యంగా చేరిన ముక్కను ఫోను పారేస్తుంది. ఇరవై పోయింది అక్కడే.

ఒక ఆదివారం మా వంటింట్లో అమ్మ అడిగింది: "ఇంతకీ దారిలో ఏమవుతోందే?"

"డాక్టరు దగ్గరికి వెళ్లావనుకో అక్కా. కింద గుమాస్తా, మేడ మీద డాక్టరు. గుమాస్తాకి చెయ్యి చురుకు, కానీ తెలియని సంగతి వస్తే పైకి పంపుతాడు. నువ్వు మోకాలి నొప్పితో వెళ్లావు, అతనికి తెలియదు, మేడెక్కమన్నాడు. డాక్టరు నిన్ను కూర్చోబెట్టి కిందికి ఫోన్ చేశాడు, మోకాలి నొప్పులకి ఫలానా మాత్ర నువ్వే ఇచ్చెయ్ అని. ఆ తర్వాత నీవైపు తిరిగాడు. ఈలోపు నీ వెనకొచ్చినావిడ కిందే మాత్ర తీసుకుని ఇంటికెళ్లిపోయింది."

"ముందొచ్చిన నేనింకా మేడ మీదేనా?"

"చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ."

"వాడేం డాక్టరే. ముందు నన్ను పంపించి, ఆ తర్వాత ఫోన్ చేసుకోకూడదూ?"

పిన్ని గ్లాసు కింద పెట్టింది. "అదేనక్కా మందు. మొన్నటిదాకా నాకూ తట్టలేదు. పెన్సిలు లాక్కునేదాకా నాకు బుద్ధి రాదు కదా."

స్విచ్‌లోని కింది భాగం కెర్నెల్‌లో, అంటే కంప్యూటరును నడిపే మూల ప్రోగ్రాములో ఉంటుంది, అదే చురుకైన గుమాస్తా. పై భాగం బయట మామూలు ప్రోగ్రాములా నడుస్తూ నిర్ణయాలు చేస్తుంది. ఆ పై భాగం ముందుగా కిందికి నియమం రాసి, ఆ తర్వాతే తన దగ్గర ఆగిన ప్యాకెట్లను పంపుతోంది. ముందు పంపి తర్వాత రాసేలా పిన్ని రెండు లైన్లను అటుదిటు, ఇటుదటు మార్చింది.

"పదకొండు రోజులు చూసి రెండు లైన్లేనా పిన్నిగారూ?" అంది అద్దాల ఇంజనీరు.

"కొత్త లైను ఒక్కటీ రాయలేదు, అది కూడా చూడు. ఉన్నవాటినే వరుసలో నిలబెట్టాను."

పరీక్షించారు. పదివేల సంభాషణల్లో అంతకుముందు మూడువందల పన్నెండింటి మొదళ్లు చెదిరేవి. ఇప్పుడు నాలుగు. మేనేజరు సంతోషంతో కుర్చీలోంచి లేచాడు. నివేదికలో పిన్ని రాసిన వాక్యం చదివి మళ్లీ కూర్చున్నాడు.

"'ఈ మార్పు ప్యాకెట్ల తారుమారును తగ్గిస్తుంది.' తగ్గిస్తుందేమిటి మేడమ్‌గారూ? నివారిస్తుంది అనండి."

"నాలుగున్నాయి కదండీ."

"పదివేలలో నాలుగు. దాన్ని ఎవరైనా సున్నా అనే అంటారు."

"నేను నాలుగంటాను. పైన రెండు మూడు ప్యాకెట్లు ఒకేసారి ఆగి ఉంటే, మొదటిదాన్ని పంపి నియమం రాసేలోపు రెండోది ఇంకా పైనే ఉండొచ్చు. వెనక వచ్చింది కిందనుంచి జారుకుంటుంది. అరుదు, కానీ ఉంది."

"ఈ ఒక్క మాట మీద మన ముగ్గురి ఉద్యోగాలు ఉన్నాయి. అది గుర్తుందా?"

"ఉందండీ. అందుకే రెండుసార్లు లెక్కపెట్టాను."

ఆ సాయంత్రం పిన్ని నాకు ఫోన్ చేసి ఒకటే అడిగింది: "తగ్గిస్తుంది అని రాస్తే బలహీనంగా ఉంటుందంటున్నాడే. నిజమేనా?" నిజమేనని ఒప్పుకున్నాను. బలమైన మాట రాసి అది అబద్ధమని తేలితే ఏమవుతుందో కూడా చెప్పాను. "అది నాకు తెలుసులే" అని పెట్టేసింది. నా చదువు ఆమెకు అక్కర్లేదని అప్పుడే అర్థమైంది.

గడువు చివరి రోజున దుభాషీల సేవ తరఫున పెద్ద దుభాషి స్వయంగా వచ్చింది. ఇరవై జారిపోయిన రోజున విన్నది ఆమే. పొడుగు బల్లకు ఒక చివర ఆమె, రెండో చివర మేనేజరు, నడుమ పిన్ని. నివేదికలో క్రియాపదం మారలేదు.

"పూర్తిగా పోలేదా?" అని అడిగింది పెద్ద దుభాషి.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. పిన్ని ఆగలేదు.

"పోలేదండీ. పదివేలకి నాలుగు మిగిలాయి. ఎందుకొస్తాయో చెప్పగలను, ఏ కాల్‌లో వస్తాయో చెప్పలేను."

పెద్ద దుభాషి ఆ వాక్యం కింద పెన్నుతో గీత గీసింది. "అయితే తేదీ గానీ అంకె గానీ వచ్చినప్పుడు రెండోసారి అడిగించమని మావాళ్లకి రాసిపెడతాను. పోయిందని మీరు రాసుంటే మేం అడగడం మానేసేవాళ్లం. ఆ నాలుగూ ఎవరి నెత్తిన పడేవో."

ఒప్పందాన్ని కొనసాగిస్తూ ఆమె సంతకం పెట్టింది. ఆ సాయంత్రం లిఫ్టు దగ్గర మేనేజరు పక్కకు తప్పుకుని పిన్నిని ముందు ఎక్కమన్నాడు. "మీరు ముందొచ్చారు, మీరే ఎక్కండి" అందట పిన్ని.

మూడు వారాలకు, అమ్మా పిన్నీ నేనూ భోజనానికి కూర్చున్నప్పుడు పిన్నికి పెద్ద దుభాషి నుంచి ఫోను వచ్చింది. ఆ అద్దెదారును కోర్టు మళ్లీ పిలిచింది. ఇరవై మూడో తేదీ అని ఈసారి స్పష్టంగా వినబడింది, రికార్డును సరిచేశారు.

పిన్ని అంతా విని, "రెండుసార్లు అడిగారా?" అంది.

అడిగామని అవతలి గొంతు చెప్పింది.

"మంచిదండీ" అని ఫోను పెట్టేసి, మంచినీళ్ల చెంబు వరుసగా మొదట అమ్మకు, తర్వాత నాకు అందించింది.