ఆరో తరగతి ఉప్పునీళ్ళు

మా ఆయన వానాకాలంలో పోయారు. మా సంఘంలో ఎవరైనా పోతే ఇంటి దగ్గర ఆదరణ కూడిక పెడతారు. పాస్టరు గారు వాక్యం చెప్పారు, పాతపట్నం నుంచి వచ్చిన మా అత్తవారి వైపు వాళ్ళు పాటలు పాడారు, ఒక్కొక్కరే వచ్చి నా చేతులు పట్టుకున్నారు. తీసివేత జరిగిన ఇంట్లో కూడిక ఏటని నాకొక ఆలోచన వచ్చింది. పైకి అనలేదు. అలాంటప్పుడు అలాంటి ఆలోచన రావడమే తప్పు. వచ్చింది గానీ, నవ్వు మాత్రం రాలేదు. ఏడుపూ రాలేదు. ఏదీ రావడం లేదన్న సంగతి కూడా దూరం నుంచి ఎవరో చెబితే విన్నట్టు ఉండేది.

సెలవు అయిపోయాక బడికి వెళ్ళాను. సముద్రం ఒడ్డున ఉప్పు మడులున్న ఊరు, అక్కడి హైస్కూల్లో నేను భౌతికశాస్త్రం టీచర్ని. ఆ రోజుల్లో భౌతికంగా మాత్రమే ఉండేదాన్ననాలి. మా హెడ్మాస్టరు గారు సోషల్ మాస్టారు, రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి, నెమ్మదైనవారు. నన్ను చూసి జాలిపడి, పదో తరగతి తీసేసి లెక్కల మాస్టారికి ఇచ్చారు. నాకు ఆరో తరగతి మిగిల్చారు. కొన్నాళ్ళు తేలిగ్గా ఉంటుందమ్మా, మీరు కుదుటపడ్డారని నాకు అనిపించిన రోజున మీ క్లాసు మీకే ఇచ్చేస్తాను అన్నారు. సరే సార్ అన్నాను.

ఆ పదో తరగతి పిల్లలకి ఎనిమిది నుంచీ నేనే చెబుతున్నాను. లెక్కల మాస్టారు మంచివారే, కాకపోతే సైన్సుని ఎక్కాల్లాగా అప్పజెప్పించుకునేవారు. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఒక పిల్ల పళ్ళెం పట్టుకుని నా పక్కన నిలబడి, "మీరింక మాకు రారా మేడమ్" అని అడిగింది. తెలీదన్నాను. ఆ సాయంత్రం బస్సులో కూర్చుని, ఆ క్లాసు నాకు కావాలి అనుకున్నాను. నాకు ఏదైనా కావాలనిపించి చాలా రోజులైంది కాబట్టి ఆ మాట గుర్తుండిపోయింది. ఎందుకు కావాలో చెప్పమంటే మాత్రం చెప్పలేకపోయేదాన్ని.

ఈలోగా ఆరో తరగతిలో కరగడం గురించిన పాఠం వచ్చింది. కరిగేది ద్రావితం, కరిగించుకునేది ద్రావణి, రెండూ కలిస్తే ద్రావణం అని బోర్డు మీద రాయగానే వెనక బెంచీలోంచి ఒకడు ద్రావణాసురుడు అన్నాడు. ఇదివరకైతే వాడి మాట అందుకుని పది తలలూ నేనే తగిలించేదాన్ని. ఆ రోజు వినిపించిందని తలూపి ఊరుకున్నాను.

ముందు కర్పూరంతో మొదలెట్టాలి. చర్చికి వెళ్ళే ఇల్లు కాబట్టి మా ఇంట్లో కర్పూరం ఉండదు. వీధి చివర కిరాణా కొట్లో అడిగితే కొట్టాయన నవ్వి, "ఏటండి మేడమ్, దేవుణ్ణి మార్సేసినారేటి" అన్నాడు. అనేశాక మా ఇంటి సంగతి గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు. పాపం, ఆ పొట్లం కట్టడానికి చాలాసేపు తీసుకున్నాడు. పిల్లల కోసమని చెప్పి తెచ్చుకున్నాను. నలిపిన కర్పూరం నీళ్ళలో వేస్తే పైన తేలుతూ ఉండిపోయింది, ఎంత తిప్పినా అంతే. కొబ్బరినూనెలో వేస్తే నెమ్మదిగా కనబడకుండా పోయింది. దేన్లో కరగాలో దాన్లోనే కరుగుతుంది, నీళ్ళ తప్పూ లేదు, కర్పూరం తప్పూ లేదు అని చెప్పాను. నన్ను ఓదార్చడానికి వచ్చినవాళ్ళందరూ ఒక్కసారి గుర్తొచ్చారు. నా ద్రావణి ఏ షాపులో దొరుకుతుందో ఇంకా తెలీలేదు.

మర్నాడు వేడి సంగతి. చల్లటి నీళ్ళలో ఎంత కరుగుతుంది, వేడి నీళ్ళలో ఎంత కరుగుతుంది అన్నది చూడాలి. నిజానికి అది పంచదారతో చేస్తే బాగా తెలుస్తుంది. కానీ ఆ ఊళ్ళో పిల్లల్ని కరిగేది ఏదైనా తెమ్మంటే ఉప్పే తెస్తారు. ఇంట్లో దంచి, పొట్లాలు కట్టుకుని తెచ్చారు. తెచ్చాక వద్దనడం ఎందుకని, దానికీ ఒక పాఠం ఉందిలే అనుకున్నాను. ఉప్పుకి వేడంటే పెద్ద పట్టింపు లేదు. చల్లటి నీళ్ళలో ఎంత కరుగుతుందో, మరిగే నీళ్ళలో అంతకన్నా ఏ కాస్తో ఎక్కువ, అంతే. ఆ గుణం నాకు నచ్చింది కూడా.

రెండు గుంపులు చేశాను. రెండు స్టీలు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు, ఒకటి కుండలోవి, ఒకటి వంట పొయ్యి మీంచి తెచ్చినవి. చెంచాతో కొలిచేవాళ్ళొకరు, గ్లాసులో వేసి తిప్పేవాళ్ళొకరు, గీతలు పెట్టేవాళ్ళొకరు. ఇంక కరగక అడుగున మిగిలిపోయేదాకా వేస్తూ పోవాలి. మొదలెట్టిన కాసేపటికి హెడ్మాస్టరు గారు గుమ్మంలోకి వచ్చారు. ఊరికే వచ్చానమ్మా, కానివ్వండి అన్నారు. ఊరికే రాలేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

చల్లటి గుంపు నాలుగు చెంచాలంది. వేడి గుంపు ఎనిమిదంది. వేడి గుంపు బల్ల మీద దరువేసింది. హెడ్మాస్టరు గారి ముఖం విచ్చుకుంది. చూశారర్రా, వేడి చేస్తే ఎక్కువ కరుగుతుంది అని పిల్లలకి చెప్పి, నా వంక చూసి చాలా బాగుందన్నట్టు తలూపారు. వెళ్ళడానికి ఒక అడుగు కూడా వేశారు. అప్పుడు నేను ఏమీ అనకుండా ఉండి ఉంటే సరిపోయేది.

నేను రెండు పొట్లాల వంకా చూశాను. మొదట రెండు గుంపులకీ సమానంగా పంచిన ఉప్పే, మిగిలింది కూడా రెండింట్లోనూ దాదాపు సమానంగా ఉంది. వేడి గుంపులో గీతలు పెట్టిన పిల్లని పిలిచి ఎలా పెట్టావని అడిగాను.

"కింద ఎట్టినపుడు ఒకటి, తీసినపుడు ఒకటి ఏసినాను మేడమ్" అంది, అదేం ప్రశ్న అన్నట్టు.

మా వైపు ఉప్పు చేతికి ఇవ్వరు. ఇస్తే తగువులొస్తాయంటారు. ఇచ్చేవాళ్ళు కింద పెట్టాలి, పుచ్చుకునేవాళ్ళు అక్కడి నుంచి తీసుకోవాలి. మేం ఇలాంటివి నమ్మమని చెబుతూనే మా అమ్మ కూడా ఉప్పు గిన్నె గట్టు మీద పెట్టి తీసుకోమనేది. మా ఆయన మాత్రం కావాలని అరచెయ్యి చాపి వేయించుకునేవారు. మాకు తగువులూ అయ్యేవి, వాటికి ఉప్పుతో పనిలేదు. ఉప్పు పండించే ఇళ్ళ పిల్లలకి ఈ పట్టింపు ఇంకా ఎక్కువ. కొలిచిన పిల్ల చెంచా ఉప్పు కాగితం మీద పోసి బల్ల మీద పెట్టింది, రెండో పిల్ల అది తీసి గ్లాసులో వేసింది. గీతల పిల్ల పెట్టడాన్నీ లెక్కేసింది, తీయడాన్నీ లెక్కేసింది. చల్లటి గుంపు వేసినప్పుడే లెక్కేసింది. నాలుగు ఎనిమిదైంది.

"లెక్క తప్పింది. మళ్ళీ చేద్దాం" అన్నాను.

ఇది నిజాయితీ అని చెప్పుకోను. అలవాటు కొద్దీ నోరు దానంతటదే లేచింది. హెడ్మాస్టరు గారు వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి, ఫలితం బాగానే వచ్చింది కదమ్మా, పుస్తకంలోనూ అలాగే ఉంటుంది, ఎందుకు చెడగొట్టుకోవడం అన్నారు.

"ఉప్పుతో అలా రాదు సార్" అన్నాను. "నేను ఒప్పుకోను."

కొత్త నీళ్ళు తెప్పించాను. ఈసారి వేసినప్పుడే గీత. చల్లటి దాన్లో నాలుగు. వేడి దాన్లో నాలుగైంది, ఇంకో చిటికెడు పట్టింది, ఆ తర్వాత అడుగున తెల్లగా నిలిచిపోయింది. వేడి గుంపు ముఖాలు వేలాడేసింది. "ఏటండి మేడమ్, కష్టపడి నీళ్ళు కాసినాం, గెలవనేదు" అని ఒకడు నిష్ఠూరమాడాడు. హెడ్మాస్టరు గారు గ్లాసులోకి ఒకసారి తొంగిచూసి వెళ్ళిపోయారు. పదో తరగతి ఆ గుమ్మంలోంచే ఆయన వెంట వెళ్ళిపోయిందనుకున్నాను. బాధ కలగాలి కదా అని చూసుకున్నాను. ఏమీ తగల్లేదు. టీ కాచే ఆయాని అడిగి స్టాఫ్‌రూమ్ పంచదార డబ్బా తెచ్చి అదే పని పంచదారతో చేయించాను. వేడి నీళ్ళు చెంచాలకి చెంచాలు మింగేశాయి. వేడి గుంపు మళ్ళీ దరువేసింది. ఆయా మాత్రం ఖాళీ డబ్బా చూసి నాతో మాట్లాడ్డం మానేసింది.

సాయంత్రం హెడ్మాస్టరు గారు కబురు పెట్టారు. కూర్చోమని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, నాకు సైన్సు రాదమ్మా అని మొదలెట్టారు.

"నేను సూడ్డానికొచ్చింది ఉప్పుని కాదు, మిమ్మల్ని. ఈమధ్య మీరు దేనికీ కాదనడం లేదు. క్లాసు తీసేసినా కాదన్లేదు, సెలవు పెట్టమన్నా కాదన్లేదు. నాకు అదే భయంగా ఉన్నాది. ఇయ్యాల కాదన్నారు. సోమవారం నుంచి పది మీరే సూసుకోండి."

థాంక్స్ చెప్పి బయటికి వచ్చాను.

సోమవారం లెక్కల మాస్టారు చాక్‌పీసు అప్పగిస్తూ ఆమ్లాలూ క్షారాలూ అయిపోయాయి మేడమ్, పిల్లలకి కంఠతా వచ్చు అన్నారు. లోపలికి వెళితే పిల్లలు లేచి నిలబడ్డారు. ఆ అన్నాల దగ్గరి పిల్ల నవ్వుతోంది. కూర్చోమన్నాను. సంతోషం వస్తుందేమోనని బల్ల దగ్గర కాసేపు ఆగాను. రాలేదు. పుస్తకాలు మూసెయ్యమని చెప్పి, క్షారం అంటే ఏమిటో సొంత మాటల్లో చెప్పమన్నాను. ఎవరూ చెప్పలేకపోయారు. మొదటి నుంచి మొదలెట్టాను.