స్వరూప మాటకు రీటేక్ లేదు

2011. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. నేను మాదాపూర్‌లో ఒక చిన్న స్టూడియోలో సౌండ్ ఇంజనీర్‌ని. బంద్ లేని రోజు చూసుకుని రికార్డింగులు పెట్టుకునేవాళ్లం. పాడ్‌కాస్ట్ అంటే రేడియో కార్యక్రమం లాంటిదే, ఇంటర్నెట్‌లో పెడితే ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వింటారని అప్పట్లో అందరికీ చెప్పాల్సి వచ్చేది.

స్వరూపది హఫీజ్‌పేట్. ఐటీ కంపెనీలో ఉద్యోగం, ఆదివారం చర్చిలో పాటలు. ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్న అమ్మాయిల కోసం పాడ్‌కాస్ట్ చేయాలని ఆమె కోరిక. మా స్టూడియో అద్దె తామే కట్టి ఇప్పిస్తామని వాళ్ల కంపెనీ ముందుకొచ్చింది. మొదటి రోజు మైకు ముందు ఇలా అంది: "గదిల ఒక్కదానివే కూసొని ఏడుస్తున్నవా? ఏడువు, ఏం గాదు. ఏడ్సినంక జర బువ్వ తిను." వింటున్న నేను మీటర్లు చూసుకోవడం కూడా మరిచిపోయాను.

కంపెనీ మేనేజర్ మొహం మాత్రం మాడిపోయింది. "భాష కాస్త నీట్‌గా ఉండాలండి. ఈ గొడవల్లో ఈ యాస వింటే మేమేదో ఒక పక్షం అనుకుంటారు. పంచ్-ఇన్ చేసేయండి," అన్నాడు. పంచ్-ఇన్ అంటే నచ్చని ముక్క వరకే మళ్లీ చెప్పించి అతికించడం.

స్వరూప ప్రయత్నించింది. "గదిలో ఒంటరిగా కూర్చుని విలపిస్తున్నారా?" అంది. ఓదార్పు పోయి, బస్టాండులో అనౌన్స్‌మెంట్ మిగిలింది. ఆమెకు ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే కోపమొచ్చింది. హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టేసింది.

"సార్, మా చెల్లెతోని నేను గిట్లనే మాట్లాడుత. ఇందుల పక్షమేంది? ఉన్నదున్నట్టు పెట్టుండ్రి, లేకుంటే ఇడిసిపెట్టుండ్రి."

"అయితే స్టూడియో ఇవ్వలేమండి."

"మంచిది సార్. నా ఫికర్ మీకొద్దు, నేను చూసుకుంట."

నాకూ ఒళ్లు మండింది. ఆ ఆదివారమే హఫీజ్‌పేట్‌లో రైలు పట్టాల పక్కనున్న వాళ్ల కిరాయి ఇంటికి వెళ్లాను. గది మార్మోగకుండా గోడలకు దుప్పట్లు కట్టాం. నా పాత మైకు ఇచ్చి, "ఎదురుగా మీ చెల్లెల్ని కూర్చోబెట్టుకో. లోకంతో కాదు, ఆమెతో మాట్లాడు," అన్నాను.

"రైలొస్తే ఎట్లన్నా?"

"పోయేదాకా ఆగి మళ్లీ అందుకో."

కొన్ని నెలలకు హాస్టళ్లలో ఆమె మాట అందరి ఫోన్లలోకీ చేరింది. అప్పుడొచ్చాడు మేనేజర్, ఆ కార్యక్రమానికి కంపెనీ పేరు తగిలించుకుంటామని.

"అప్పుడు నా మాట మీకు అడ్డమైంది సార్," అంది స్వరూప. "ఇప్పుడు మీ పేరు నాకు అడ్డం."

పాడ్‌కాస్ట్ మొదలుపెడతామంటూ ఇప్పటికీ చాలామంది నా దగ్గరికొచ్చి, ఏ మైకు కొనాలని అడుగుతారు. మైకు ఎవరినైనా అడిగి తెచ్చుకోండి, నోరు మాత్రం మీదే ఉండాలి అంటాను.