తప్పు గడపలో పిడికెడు బియ్యం

ప్రభువునందు ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ఓర్వకల్లు గుట్టల్లో బండలు కొట్టే దేవదానాన్ని నేను! గుట్ట మీద నుంచి జారి, నెత్తి పగిలి, మిషను ఆసుపత్రిలో పదిరోజులు ఒళ్లు తెలియకుండా పడి ఉండి, కళ్లు తెరిచి నా భార్య సువార్తమ్మను చూసి "నర్సమ్మా, ఇంటికెప్పుడు పంపుతావు?" అని అడిగినవాణ్ణి. ఇంటికొచ్చినా ఆమెను నర్సమ్మా అనే పిలిచేవాణ్ణి. పాపం, శానా ఏడ్చింది.

ఇంట్లో మరీ కష్టం. డాక్టరు దొరసాని పడుకోమంది, అత్త నడవమంది, పాస్టరయ్య ఉపవాసముండమన్నాడు, వదిన గంటకో సంకటి ముద్ద నోట్లో కుక్కింది! నాకేమో పట్టరాని కోపం, ఎదురొచ్చినవాళ్ల మీదికి చెంబు విసిరేవాణ్ణి. వీధంతా పిచ్చి దేవదానమంటుంటే, ఇక ఉలి పట్టలేనేమో, నా పిల్లలు నన్ను చూసి భయపడుతూనే పెరుగుతారేమో అని కుమిలిపోయాను. "ప్రభువా, నా తలనైనా బాగుచేయి, వీళ్లనైనా ఒక్క మాట మీదికి తే" అని మొరపెట్టాను. ఆయన రెండోది ముందు చేశాడు!

దొరసాని అందరినీ ప్రార్థన మందిరం అరుగు మీద కూర్చోబెట్టి తలా ఒక పని పంచింది. అత్త పొద్దున్నే నడిపించాలి, వదిన మూడుపూటలే పెట్టాలి, సువార్తమ్మ మనుషుల పేర్లు చెప్పించాలి, పాస్టరయ్య నా చేతికొక పని ఇవ్వాలి. మన ఆడవాళ్లు వంటకు ముందు దేవుని వంతుగా తీసిపెట్టే పిడికెడు బియ్యాన్ని శనివారం శనివారం ఇల్లిల్లూ తిరిగి తేవడమే ఆ పని. "వీడే తప్పిపోతాడు" అన్నారు సంఘపెద్దలు. వాళ్లన్నదీ నిజమే.

కొన్ని నెలల తర్వాత ఒక శనివారం, ఎప్పటిలాగే ఒక గడపలో "దేవుని వంతు పెట్టండమ్మా" అని కేకవేసి తలెత్తి చూద్దును కదా, లోపల సాయిబు నమాజు చేసుకుంటున్నాడు! అది చిన్నప్పటినుంచి నేనెరిగిన ఖాజాబీ ఇల్లు! ఆమె చేటలో బియ్యంతో నా ముందే నిలబడి ఉంది.

"అక్కా, ఎన్నాళ్ల నుంచి ఈడికి వస్తాండా?"

"మొదటి వారం నుంచే వస్తాండావప్పా. చెప్తే నీ మనసు కష్టపడతాదని చెప్పలే, నేనూ రోజూ ఓ పిడికెడు తీసిపెడ్తాండా. దేవుని పేరు మీద అడుగుతాండాడు, తక్కువ పెట్టొద్దు అన్యాడు మా సాయిబు."

సిగ్గుతో చచ్చిపోయాను సహోదరులారా, ఆ వెంటనే ఆనందంతో ఏడ్చాను! చేసింది తప్పని ఎవరూ చెప్పకుండా నాకే తెలిసింది! ఇంటికి పరుగెత్తి "సువార్తా!" అని పిలిచాను. ఆమె సంకటి తెడ్డు కింద పడేసి, కళ్లు తుడుచుకుంటూ, "నర్సమ్మ యాడికి పాయె?" అంది.

ఇప్పుడు ఉలి పట్టాను, పిల్లలు నా భుజాలెక్కుతున్నారు. మీ ఇంట్లో ఇలాంటివాడుంటే నిరాశపడకండి, అందరూ ఒక్క మాట మీద నిలవండి, వాడికొక పని ఇవ్వండి, భారం ప్రభువు మీద వేయండి! ఖాజాబీ గడపకు పోవడం ఒక వారం మానేస్తే, "దేవుని వంతు మా ఇంట్లోనే ఉండాదప్పా" అని ఆమే చేట పట్టుకుని మన మందిరానికి వచ్చింది. అందుకే ఇప్పుడు తెలిసే పోతున్నాను. మహిమంతా దేవునిదే, బియ్యం సంచి మోసే భాగ్యం మాత్రం నాది!