నేల వదలని సైకిల్

2023 డిసెంబరు. గాజువాకలో నా షెడ్డు ముందు జీపు కడుక్కుంటుంటే ఒక ఆడమనిషి ఫోన్ చేసింది.

"సైకిళ్ళు ఎత్తుకెళ్ళే జీపు మీదేనా బాబూ?"

"నాదేనమ్మా. ఎన్ని సైకిళ్ళు?"

"ఒకటే. కాని దాన్ని బండిలోకి ఎత్తకూడదు."

నా పేరు మస్తాన్. పుట్టింది వన్‌టౌన్‌లో. నాన్న పోర్టు లారీలకు మెకానిక్. ఆయన నేర్పిన పనితోనే ఒక పాత జీపు కొని, ఇంజను విప్పి మళ్ళీ కట్టి, చాలా ఏళ్ళుగా ఉక్కునగరం సైకిల్ క్లబ్బులవాళ్ళను శని, ఆదివారాల్లో కొండల్లోకి తీసుకెళ్తున్నాను. జీపు వెనక హిచ్ ర్యాక్ ఉంటుంది. అంటే బండి కొక్కేనికి బిగించే ఇనుప చట్రం. సైకిళ్ళను దానిమీద నిలబెట్టి పట్టీలతో కడతాను. నేను కట్టిన సైకిల్ ఏ గోతిలో పడ్డా కదలదు. ఆ విషయంలో నాకు కాస్త పొగరే.

వాళ్ళు తొక్కుతుంటే నాది స్వీప్ వెహికల్. వెనకే ఊడ్చుకుంటూ వచ్చే బండి అన్నమాట. అలిసిపోయినవాళ్ళను ఎక్కించుకుని సైకిల్‌ను ర్యాక్ మీదికి ఎత్తేస్తాను. అలా ఎక్కడం ఎవరికీ ఇష్టం ఉండదు. పరీక్ష తప్పిన పిల్లల్లా మొహం వేలాడేసుకుని నిలబడతారు. అప్పుడు నేను, "ఎక్కండి సార్, కొండ ఎక్కడికీ పోదు" అంటాను. ఆ మాటకు నవ్వి ఎక్కనివాడు లేడు.

అలాంటి నాతో సైకిల్ ఎత్తొద్దంటే ఒళ్ళు మండింది.

"ఎత్తకపోతే నేనెందుకమ్మా? భోజనానికి పిలిచి విస్తరి వెయ్యనన్నట్టుంది."

ఆమె నవ్వలేదు. "మీరు ఎనకాల రండి, సాలు. మనిసికి ఏటైనా అయితే మనిసిని ఎత్తండి."

ఆ ఆదివారం పొద్దున్నే పరవాడ అవతల వాళ్ళ ఊరికి వెళ్ళాను. ఫోన్ చేసినామె పేరు గౌరి. ఆమె ఇంటి ముందు పాత నల్ల సైకిల్, గేర్లు లేని మామూలుది, తుడిచి పసుపు కుంకుమ పెట్టి ఉంది. దాని పక్కన బక్కచిక్కిన మనిషి, సింహాచలం. మెట్టు దిగితేనే ఆయాసపడుతున్నాడు. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదని అప్పుడే గమనించాను. గౌరి జీపెక్కింది. అతను సైకిలెక్కాడు.

మేం ఎక్కాల్సిన కొండ ఊరి అవతల, అచ్యుతాపురం దారిలో ఉంది. దాని కింద టైర్లలో గాలి తగ్గించడానికి ఆగాను. మట్టిదారిలో గాలి తక్కువుంటే టైరు నేలను బాగా పట్టుకుంటుంది. అప్పుడు సింహాచలం పక్కకొచ్చి కూర్చుని సంగతంతా చెప్పాడు.

సైకిల్ గౌరి భర్త పైడిరాజుది. స్నేహితులిద్దరూ దానిమీదే అచ్యుతాపురం ఫ్యాక్టరీకి డ్యూటీకి వెళ్ళేవాళ్ళు. పోయేటప్పుడు ఒకడు తొక్కితే వచ్చేటప్పుడు ఇంకొకడు. వెనక కూర్చున్నవాడి ఒళ్ళో రెండు కేరేజీలూ ఉండేవి. దారి ఈ కొండ పక్కనుంచే. సెల్ టవర్ కోసం కొండమీదికి మట్టిదారి వేసినప్పటినుంచీ పైడిరాజుది ఒకటే కోరిక, సైకిలేసుకుని పైకెక్కి తమ ఫ్యాక్టరీ పైనుంచి ఎలా ఉంటుందో చూడాలని.

"ఎప్పుడడిగినా ఈ ఆదివారం కాదురా, వచ్చే ఆదివారం అనీవోణ్ణి. ఓటీ సేత్తే నాలుగు డబ్బులొస్తాయని."

ఏడాది క్రితం, కడగడానికని ట్యాంకులో దిగిన సింహాచలం గ్యాసుకు పడిపోయాడు. పైనున్న పైడిరాజు లోపలికి దూకి, అతన్ని పైకెత్తి అందించాడు. తను మాత్రం పైకి రాలేదు. సింహాచలం ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి అన్నీ అయిపోయాయి. ప్రాణం దక్కింది కాని ఊపిరితిత్తులు పాడయ్యాయి. పైడిరాజు సంవత్సరీకం అంతకుముందు వారమే జరిగింది.

"ఆడి సైకిల్ని పైకి తీసుకెల్తానని ఆడి పొటో కాడ మాటిచ్చేను బాయ్. తొక్కినా తోసినా సక్రం నేలమీదే ఉండాల. ఆ రోజు ఆణ్ని బండిలో ఏసి పంపేసేరు. పక్కన ఒక్కడు లేడు, అయినోడు ఒక్కడు లేడు. మల్లీ ఆడి సైకిల్ని కూడా బండిలో ఎత్తడానికి నాకు మనసొప్పదు."

నేను లేచి జీపెక్కాను.

జీపును ఫోర్ లోలో వేశాను. నాలుగు చక్రాలకూ బలం అందుతూ, మనిషి నడకకన్నా నెమ్మదిగా బండి పాకే గేరు అది. ఎప్పుడూ ఒక మలుపు వెనకే ఉంటాను. మరీ దగ్గరైతే ఇంజను చప్పుడుకు ముందు వెళ్ళేవాడికి తొందర పుడుతుంది, దుమ్మూ పొగా కూడా అతని ముక్కులోకే పోతాయి. సింహాచలం కాస్త దూరం తొక్కాడు. తర్వాత దిగి తోశాడు. తర్వాత పది అడుగులకోసారి హేండిల్ మీద తల ఆనించి నిలబడ్డాడు. నా పక్క సీట్లో గౌరి ఆయాసం మందు పఫ్‌ను గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది.

సగం కొండ దాటాక మలుపు తిరిగి చూస్తే, దారి మధ్యలో కూలబడి ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. సైకిల్ పడిపోకుండా భుజంతో కాచుకున్నాడు. గౌరి పరుగెత్తి పఫ్ ఇచ్చింది. నేను ర్యాక్ పట్టీ విప్పుకుంటూ, అలవాటుగా అనేశాను.

"ఇంక చాలు, ఎక్కు బాబూ. కొండ ఎక్కడికీ పోదు."

అతను ఊపిరి కూడదీసుకుని నావైపు చూశాడు. "కొండ పోదు బాయ్. మనిసే పోతాడు."

ఇన్నేళ్ళు ఎంతమందినో నవ్వించిన మాట అది. ఆ మాటంటే నాకే రోత పుట్టింది.

అతను మళ్ళీ లేవబోయి తూలిపోయాడు. అప్పుడు గౌరి, పొద్దుటినుంచీ అతనితో ఒక్క మాటా అనని గౌరి, హేండిల్ పట్టుకుంది.

"ఒగ్గేయ్ అన్నా."

"లేదమ్మా, మాటిచ్చేను."

"మాట పోతే పోనీ. ఆయన నిన్ను ట్యాంకులోంచి బయటికి తోసింది ఈ కొండ మీద సావడానికేటి? నువ్వు కూడా పోతే నా మొగుడు ఊరికినే సచ్చిపోయినట్టు కాదేటి?"

సింహాచలం మొహం కప్పుకుని ఏడ్చాడు. "నీ మొకం సూడలేక సస్తన్నాను గౌరమ్మా. ఆడు ఉండాల్సినోడు, నాను ఉండిపోయేను."

"ఉన్నావు కదా. ఉండు మరి." ఆమె కొంగు బొడ్లో దోపుకుంది. "బండిలో కూకో. నాను తోస్తాను. సక్రం నేలమీదే ఉంటాది."

మనిషి ఎక్కితే సైకిలూ ఎక్కుతుంది, అదీ నా వృత్తి. మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, నేలమీద నడిచే సైకిల్ వెనక బండి నడపడం నాకు అదే మొదటిసారి. రాళ్ళ దగ్గర ఆమె కాలు జారింది. నేను దిగబోతే వద్దని చెయ్యి ఊపింది. అంతవరకూ తల వంచుకున్న సింహాచలం కిటికీలోంచి బయటికి వంగి, "బ్రేకు నొక్కి పట్టుకోమ్మా, ఎనక్కి జారదు. ఎడం పక్కకి రా" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె ఆ ప్రకారమే తోసింది. పైదాకా అతని గొంతే ఆమెకు దారి చూపించింది.

పైన గాలి విసురుగా ఉంది. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు పొగగొట్టాలు. గౌరి సైకిల్‌కు స్టాండు వేసి, ముందు చక్రం ఫ్యాక్టరీ వైపు తిప్పి పెట్టింది.

"కేరేజీ గిన్నంత ఉందిరా పైడీ," అన్నాడు సింహాచలం. "ఇంతే. ఇంతేరా."

గౌరి కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగింది. "ఇంక ఎత్తెయ్ బాయ్."

నేను సింహాచలం మొహంలోకి చూశాను. అతనూ తటపటాయించాడు. గౌరి సీటు మీద చెయ్యి వేసి నిమిరింది.

"ఆ రోజు ఒక్కడే ఎల్లేడు బండిలో. ఈయాల మనం ఉన్నాం కదా తోడు."

ఆ సైకిల్‌ను ర్యాక్‌కు కట్టలేదు. వెనక సీటు మడిచి, దుప్పటి పరిచి లోపల పడుకోబెట్టాను. దానికి అటొకరు ఇటొకరు కూర్చున్నారు. కిందికి దిగేదాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు, పైడిరాజు ఏ కూర ఇష్టంగా తినేవాడో, డ్యూటీకి ఎన్నిసార్లు ఆలస్యమయ్యాడో.

ఇప్పటికీ వారం వారం కొండలెక్కుతూనే ఉన్నాను. దారిలో ఎవరైనా ఆగిపోతే ఇంజను ఆపి, మంచినీళ్ళిచ్చి, పక్కన కూర్చుంటున్నాను. వాళ్ళు ఎవరికి ఏం మాటిచ్చి బయల్దేరారో నాకేం తెలుసు? ఎత్తమని వాళ్ళ నోటితో వాళ్ళు అనేదాకా నా చెయ్యి పట్టీ మీదికి పోదు.