ఎర్త్ పట్టీకి వేసిన రంగు

కాజీపల్లిలో మా ఫ్యాక్టరీ ట్రాన్స్‌ఫార్మర్ బాడీ షాక్ కొట్టి, నా జోడీ ఎలక్ట్రీషియన్ చనిపోయాడు. వాడి దినాలు అయ్యేదాకా దాన్ని ముట్టే ధైర్యం ఎవరికీ లేక, ఫ్యాక్టరీ జనరేటరు మీదే నడిచింది. చివరికి లోపం వెతికే పని నా మీదే పడింది.

మీటరు వైరు ఒకటి బాడీకి, ఇంకొకటి భూమిలోకి దిగే ఎర్త్ పట్టీకి ఆనించాను. రెండూ కలిసి ఉంటే మీటరు కూత పెట్టాలి. పెట్టలేదు. బోల్టులు బిగువుగానే ఉన్నాయి. విప్పి చూశాను.

పట్టీ లోపలి వైపు కూడా ఆకుపచ్చ రంగు. దసరా ఆయుధపూజకి వేసింది వాడే. పైపైన పూస్తే సరిపోయేదానికి, పట్టీని ఊడదీసి, రెండు వైపులా నున్నగా పూసి, ఆరాక మళ్లీ బిగించాడు. దేనికిరా నీకంత ముచ్చట! ఇనుము ఇనుమును తాకాల్సిన చోట రంగు అడ్డం పడింది. బాడీకి పాకిన కరెంటు భూమిలోకి దిగలేక వాడి చేతిలోకి దిగింది.

రంగు గీకుతుంటే, వాడి బట్టలూ టిఫిన్ డబ్బా తీసుకుపోవడానికి వచ్చిన వాడి భార్య కంచె దగ్గర ఆగింది.

“గీ రంగు ఆయన ఏసిందేనా అన్నా? ఎంత మంచిగేసిండో సూడు.”

గీకిన పొట్టును పిడికిట్లో దాచుకుని, “ఔ చెల్లె, మస్తు మంచిగేసిండు” అన్నాను.