కీ ఇవ్వని మోటార్‌సైకిలు

మా బావగారు కుట్టుమిషన్లు బాగుచేస్తారు. ఆయన చెయ్యి పడ్డ మిషను మళ్ళీ మొరాయించదు. అంతటి మనిషికీ ఒక పిచ్చి ఉంది: పాతకాలపు రేకు బొమ్మలు. హాల్లో అద్దాల బీరువా నిండా అవే. మా అక్క ఆ అద్దాలు తుడవాలే తప్ప లోపల చెయ్యి పెట్టకూడదు. "అవి నీకు సవతులే అక్కా" అని నేను ఏడిపిస్తుంటాను.

వాటిలో ఎర్ర మోటార్‌సైకిలంటే ఆయనకు ప్రాణం. పెట్టెతో సహా చెక్కుచెదరకుండా ఉన్నది ఊళ్ళో ఆయన దగ్గరే. దాన్ని చూడటానికి ఆదివారాలు బొమ్మల పిచ్చోళ్ళందరూ వచ్చి కూర్చునేవారు. మా అక్కకు టీలు పెట్టడంతోనే సరిపోయేది.

ఇంతలో ఆ కంపెనీవాళ్ళే పాత అచ్చులు బయటికి తీసి అదే బొమ్మను మళ్ళీ చేశారు. అదే ఎరుపు, అదే పెట్టె. వీధి చివరి కొట్లో వరసగా పేర్చారు. ఇక మా అక్కావాళ్ళింటికి వచ్చేవాడు లేడు. బావగారు బీరువా వైపు చూడటమే మానేశారు. చివరికి పాత బొమ్మలు కొనే ఆయనకు కబురు పెట్టి, అన్నీ పట్టుకుపొమ్మన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మీకు బొమ్మలిష్టమా, జనం వచ్చి చూడటం ఇష్టమా బావగారూ?" అని మొహం మీదే అడిగేశాను.

"నువ్వూరుకోమ్మా" అన్నారు. మర్నాడు మాత్రం కొత్త బొమ్మ కొనుక్కొచ్చారు, వంకలు పెట్టడానికి. అక్క దానికి కీ ఇచ్చి నేల మీద వదిలింది. అది సర్రుమని గుండ్రంగా తిరిగింది.

"మన పాతది కూడా ఇలాగే తిరుగుతుందా?" అంది అక్క నవ్వుతూ.

ఆయన తెల్లబోయారు. "తెలీదే. ఎప్పుడూ తిప్పలేదు."

కీ ఇస్తే అరిగిపోతుందని ఈ బొమ్మల పిచ్చోళ్ళ భయం. బీరువా తెరిచి పాతదాని కీ తిప్పబోయారు, కదిలితే ఒట్టు. లోపల గ్రీజు ఎండి రాయైపోయింది. మిషనుకు నూనె వెయ్యనివాళ్ళని నానా తిట్లూ తిట్టే మనిషి ఈయన.

విప్పాలంటే రేకు అంచుల మడతలు తెరవాలి. తెరిస్తే ఇక దాన్ని ఏ బొమ్మల పిచ్చోడూ లెక్కచెయ్యడు. "ఆ పాపం చెయ్యకురా" అని ఆదివారాలు వచ్చే స్నేహితుడొకడు ఫోన్లో బతిమాలాడు. బావగారు ఫోను పెట్టేసి స్క్రూడ్రైవరు అందుకున్నారు. ఆయన్ని చూసి నాకెంత గర్వం కలిగిందో చెప్పలేను. ఒక మడత విరిగింది. పెదవి కొరుక్కున్నారు గానీ ఆగలేదు. కిరసనాయిలుతో కడిగి, మిషను నూనె వేసి, బిగించి, అక్క చేతిలో పెట్టారు.

"కీ నువ్వియ్యి."

అది కొత్తదానంత జోరుగా పోలేదు. కాస్త పక్కకి ఒరుగుతూ, దడదడలాడుతూ వెళ్ళి ఆయన పాదానికి తగిలి ఆగింది. బావగారు కళ్ళు తుడుచుకుని ఇంకో బొమ్మ బయటికి తీశారు.

సాయంత్రం బొమ్మలు కొనే ఆయన అట్టపెట్టెలతో వచ్చాడు. బొమ్మలన్నీ నేల మీద పరుచుకుని కూర్చున్న అక్కాబావల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"పాత బొమ్మలు ఇస్తానన్నారు కదండీ?"

"ఏమీ అనుకోకండి" అన్నారు బావగారు తలెత్తకుండానే. "ఇవి మాకు ఇవాళే వచ్చాయి."